మా జట్టుకే ఆదరణ ఎక్కువని వాదించి నిలబెట్టుకోవడం ఎలా?

ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఎవరి జట్టు బాగా ఆడుతోందన్న వాదన త్వరగానే తెగిపోతుంది. పాయింట్ల పట్టిక చూస్తే ఇద్దరూ నోరు మూసుకోక తప్పదు. ఎవరి జట్టుకు జనాదరణ ఎక్కువ అన్న వాదన మాత్రం అలా తెగదు, ఎందుకంటే దాన్ని తేల్చే పట్టికను ఏ లీగూ ప్రచురించదు. ఒకరు స్టేడియానికి వచ్చే ప్రేక్షకుల లెక్క చెబుతారు, ఇంకొకరు ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్ల లెక్క తెస్తారు, మూడో మనిషి గెలిచిన ట్రోఫీలు ఏకరువు పెడతారు, చివరికి ఎవరు పట్టిన కుందేలుకు వారికి మూడే కాళ్లు కనబడతాయి. విషయం తెలిసిన ప్రత్యర్థి అభిమాని ఎదురుగా కూర్చున్నప్పుడు, ఏ అంకెను ముందుకు తేవాలో, దేన్ని దాచుకోవాలో, దేన్ని అసలు ముట్టుకోకూడదో తెలుసుకోగోరే వారి కోసం ఈ వ్యాసం. కేకలతోనే గెలవగలమనుకునే వారికి దీనితో పని లేదు.

ముందుగా హద్దులు తేల్చుకోండి

వాదన మొదలుకాగానే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎక్కడి ఆదరణ గురించి మాట్లాడుతున్నాం? ఊళ్లోనా, దేశంలోనా, ప్రపంచంలోనా? ఈ మూడింటికీ సమాధానాలు వేర్వేరుగా ఉండవచ్చు. మాంచెస్టర్ నగరం వరకు తమదేననీ, అదే ఊరి మరో క్లబ్ యునైటెడ్ అభిమానులంతా బయటి ఊళ్ల వారేననీ మాంచెస్టర్ సిటీ అభిమానులు దశాబ్దాలుగా అంటూనే ఉన్నారు. ఆ మాటలో నిజమెంతో పక్కన పెట్టి చూసినా, వారు చేస్తున్న పని తెలివైనదే. ప్రపంచవ్యాప్తంగా పోల్చితే గెలవలేమని తెలిసి వాదనను నగరం హద్దుల్లోకి లాక్కుంటున్నారు. యునైటెడ్ అభిమాని అది గమనించకుండా నగరం గురించే వాదిస్తూ పోతే, తాను తేలికగా గెలవగలిగిన మైదానాన్ని తానే వదులుకున్నట్టు.

అర్జెంటీనాలో బోకా జూనియర్స్ అభిమానులు తమది దేశంలో ‘సగానికి పైన ఒకటి’ అని చెప్పుకుంటారు, అంటే సగం జనాభా మీద ఇంకొక్క మనిషి ఎక్కువగా తమవైపే ఉన్నారని. అక్కడి సర్వేల్లో బోకా మొదటి స్థానంలో, రివర్ ప్లేట్ రెండో స్థానంలో రావడం మామూలే. అయితే రివర్ అభిమాని దగ్గరా గట్టి జవాబుంది. 2023లో విస్తరణ పూర్తయ్యాక వారి మొనుమెంటల్ స్టేడియంలో 80 వేలకు పైగా జనం పడతారు, బోకా వారి బొంబొనేరాలో 60 వేల మందికి కూడా చోటు లేదు. ఒకరిది దేశమంతా ఉన్న అభిమానం లెక్క, ఇంకొకరిది ఆదివారం గేటు దాటి లోపలికి వచ్చిన వారి లెక్క. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారంతే. కాబట్టి ప్రశ్న ఏమిటన్నది మొదటి 2 నిమిషాల్లోనే తేల్చుకోండి. కాలం గురించి కూడా అప్పుడే ఒప్పందానికి రండి: ఈ సీజన్ లెక్కా, గత 10 ఏళ్లదా, క్లబ్ పుట్టినప్పటి నుంచా?

స్టేడియం లెక్కలు చెప్పేది, చెప్పనిది

అభిమానులు అందరికంటే ముందు ఎత్తుకునేది సగటు ప్రేక్షకుల సంఖ్యనే. ఇది మంచి ఆధారమే గాని, దానికో పెద్ద లోపం ఉంది. స్టేడియంలో ఎన్ని సీట్లున్నాయో అంతకు మించి ఆ సంఖ్య పెరగదు. మాంచెస్టర్ యునైటెడ్ వారి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సుమారు 74 వేల మంది పడతారు, లివర్‌పూల్ వారి ఆన్‌ఫీల్డ్‌లో విస్తరణ తర్వాత సుమారు 61 వేల మంది. రెండూ నిండిపోయే స్టేడియాలే. అలాంటప్పుడు యునైటెడ్ సగటు ఎక్కువగా ఉండడం ఓల్డ్ ట్రాఫర్డ్ పరిమాణం గురించి చెబుతుంది గాని లివర్‌పూల్ ఆదరణ తక్కువని చెప్పదు. మీది చిన్న స్టేడియమైతే, సగటు సంఖ్యను వదిలి ఎంత శాతం నిండుతోందో, సీజన్ టికెట్ కోసం ఎంతమంది వరుసలో వేచి ఉన్నారో చెప్పండి. మీది పెద్ద స్టేడియమైతే సగటు సంఖ్యే చెప్పండి, కాని అవతలి వారు సామర్థ్యం మాట ఎత్తితే ఉలిక్కిపడకండి.

జర్మనీలో ఇదే విషయం మరో రకంగా కనబడుతుంది. డోర్ట్‌మండ్ స్టేడియం సామర్థ్యం దేశీయ మ్యాచ్‌లకు 81,365. దక్షిణ వైపు నిలబడి చూసే గ్యాలరీలోనే దాదాపు 25 వేల మంది పడతారు. బేయర్న్ మ్యూనిక్ స్టేడియం సామర్థ్యం 75 వేలు. ప్రేక్షకుల లెక్కలో డోర్ట్‌మండ్‌దే పైచేయి. సభ్యత్వాలు లెక్కపెట్టండి, బొమ్మ తిరగబడుతుంది: డోర్ట్‌మండ్ సభ్యులు 2 లక్షలు దాటితే బేయర్న్ సభ్యులు 3 లక్షలు ఎప్పుడో దాటారు. డబ్బు కట్టి ఏటా పునరుద్ధరించుకునే సభ్యత్వం నా దృష్టిలో చాలా బలమైన ఆధారం. అయితే అన్ని దేశాల్లో క్లబ్ సభ్యత్వం ఒకే రకంగా ఉండదు. కొన్ని క్లబ్బుల్లో సభ్యుడికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఉంటుంది, కొన్ని చోట్ల టికెట్ కొనడంలో ముందు వరుస మాత్రమే దక్కుతుంది, ఇంకొన్ని క్లబ్బులు కొత్త సభ్యత్వాన్ని పాత సభ్యుల కుటుంబాలకే పరిమితం చేస్తాయి. ఒకే దేశంలోని రెండు క్లబ్బుల మధ్యనైతే ఈ పోలిక కొంతవరకు నిలుస్తుంది, సరిహద్దు దాటితే నిలవదు.

స్టేడియం మారినప్పుడు కూడా జాగ్రత్త అవసరం. బార్సిలోనా 2023లో పునర్నిర్మాణం కోసం తమ సొంత స్టేడియం క్యాంప్ నౌ విడిచి మోంజుయిక్ కొండ మీది ఒలింపిక్ స్టేడియానికి వెళ్లింది. దాదాపు 99 వేల మంది పట్టే చోటు నుంచి అందులో సుమారు సగం మంది పట్టే చోటికి వెళ్లిన జట్టుకు సగటు పడిపోవడంలో వింతేముంది? ఆ సీజన్ అంకెలు చూపించి బార్సిలోనా ఆదరణ కరిగిపోయిందని వాదించే రియల్ మాడ్రిడ్ అభిమాని ఎవరైనా ఎదురైతే, కొత్త చోట సీట్లెన్ని అన్న ఒక్క ప్రశ్నతో వారిని ఆపవచ్చు.

మరో చిక్కు, ప్రకటించే సంఖ్య ఎప్పుడూ లోపల ఉన్న మనుషుల సంఖ్య కాదు. చాలా క్లబ్బులు అమ్ముడైన టికెట్ల లెక్కనే హాజరుగా ప్రకటిస్తాయి. సీజన్ టికెట్ కొని ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయిన మనిషి కూడా అందులో లెక్కకొస్తాడు. టీవీలో ఖాళీ సీట్లు స్పష్టంగా కనబడుతున్నా ‘హౌస్‌ఫుల్’ అని తెర మీద పడడానికి కారణం ఇదే. అవతలి వారు మీ స్టేడియంలో ఖాళీ సీట్ల ఫొటో పెట్టినప్పుడు అది ఏ నిమిషంలో తీసినదో అడగండి. విరామ సమయంలో గాని, మ్యాచ్ మొదలవడానికి ముందు గాని తీసిన ఫొటోకు విలువ లేదు. మ్యాచ్ మధ్యలో తీసినదైతే మాత్రం ఒప్పేసుకోవడమే మేలు.

నిజంగా న్యాయమైన పోలిక కావాలంటే ఒకే స్టేడియాన్ని పంచుకునే జట్లను చూడాలి. మిలాన్‌లో ఏసీ మిలాన్, ఇంటర్ రెండూ శాన్ సీరోలోనే ఆడతాయి. రోమ్‌లో రోమా, లాత్సియో ఒలింపిక్ స్టేడియాన్ని, రియోలో ఫ్లమెంగో, ఫ్లుమినెన్సే మరకనాను పంచుకుంటాయి. సీట్ల సంఖ్య ఒకటే, రవాణా సౌకర్యం ఒకటే, నగరం ఒకటే. ఇలాంటి చోట సగటుల్లో కనబడే తేడాకు స్టేడియం సాకు చెల్లదు. మిలాన్‌లో తమాషా ఏమిటంటే ఇటీవలి సీజన్లలో రెండు జట్ల సగటూ 70 వేలు దాటి పక్కపక్కనే నిలుస్తోంది, అంటే అంత న్యాయమైన పోలిక కూడా వాదనను తెంపలేకపోతోంది.

ఒకే ఊరి ప్రత్యర్థుల మధ్య జరిగే డెర్బీ మ్యాచ్ హాజరును మాత్రం ఎవరూ తమ ఖాతాలో వేసుకోకూడదు. 1997 జులై 13న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మధ్య ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చారు. ఆ రోజు ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది కాబట్టి ఆ జనమంతా వారి అభిమానులే అనలేం గదా. ప్రత్యర్థి లేకపోతే ఆ జనం రారు.

ఫాలోవర్లు, సర్వేలు, టీవీ ప్రేక్షకులు

సోషల్ మీడియా ఫాలోవర్ల సంఖ్య తీసుకోవడం సులువు, తప్పని నిరూపించడమూ అంతే సులువు. 2023 వేసవిలో మెస్సీ వస్తున్నాడని తెలిసే ముందు అమెరికా క్లబ్ ఇంటర్ మయామికి ఇన్‌స్టాగ్రామ్‌లో 10 లక్షల చుట్టుపక్కల ఫాలోవర్లు ఉండేవారు. ఆ వార్త తర్వాత కొద్ది రోజుల్లోనే అది అనేక రెట్లు పెరిగింది. ఆ వచ్చిన వారు మయామి జట్టు కోసం వచ్చారా, మెస్సీ కోసం వచ్చారా అన్నది చెప్పనవసరం లేదు. 2018లో రొనాల్డో చేరినప్పుడు యువెంటస్‌కూ ఇలాగే జరిగింది. వాపు చూసి బలుపు అనుకోవద్దన్న మాట సరిగ్గా సరిపోయేది ఇక్కడే. మీ ప్రత్యర్థి ఫాలోవర్ల లెక్క తెస్తే, అందులో ఏ ఆటగాడి వాటా ఎంతో అడగండి. ఆ ఆటగాడు వెళ్లిపోయాక పెరుగుదల ఎక్కడ ఆగిపోయిందో కూడా అడగండి. మీరే ఆ లెక్క వాడదలచుకుంటే, పెద్ద ఆటగాడెవరూ కొత్తగా రాని రెండు మూడేళ్ల పెరుగుదలను మాత్రమే చూపించండి.

సర్వేల విషయంలో అంకె కంటే ముందు చదవవలసింది, ఎవరిని అభిమానిగా లెక్కించారన్నది. దీనికి మాంచెస్టర్ యునైటెడ్ లెక్కను మించిన ఉదాహరణ లేదు. 2012లో ఆ క్లబ్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు, తమకు ప్రపంచవ్యాప్తంగా 65.9 కోట్ల మంది ఫాలోవర్లున్నారని ప్రకటించింది. 39 దేశాల్లో 50 వేలకు పైగా మందిని ప్రశ్నించి కాంటార్ సంస్థ చేసిన సర్వే అది, దానికి డబ్బు చెల్లించింది క్లబ్బే. షేర్ల అమ్మకం పత్రాల్లో కంపెనీ వివరంగా రాయక తప్పలేదు గనుక, యునైటెడ్ మ్యాచ్ ప్రత్యక్షంగా చూసేవారినీ, ముఖ్యాంశాలు మాత్రమే చూసేవారినీ, క్రమం తప్పకుండా ఆ జట్టు గురించి చదివే లేక మాట్లాడుకునే వారినీ ఒకే గాటన కట్టి ఈ సంఖ్యకు వచ్చామని అందులోనే ఉంది. 2019లో అదే సంస్థ సర్వే ప్రకారం ఆ సంఖ్య 110 కోట్లకు చేరింది. 2013 తర్వాత లీగ్ టైటిల్ గెలవని జట్టుకు ఇన్ని కోట్లు పెరిగాయంటే, యునైటెడ్ అభిమాని అది తమ పట్టుదల అంటాడు, లివర్‌పూల్ అభిమాని అది కొలబద్ద వదులుతనం అంటాడు. నన్నడిగితే రెండో వాదనకే కాస్త మొగ్గుతాను, అయినా యునైటెడ్ ప్రపంచంలో అత్యధిక ఆదరణ ఉన్న రెండు మూడు క్లబ్బుల్లో ఒకటన్న మాటను ఆ వాదన కదిలించదు.

క్లబ్ డబ్బిచ్చి చేయించిన సర్వే కంటే దేశంలో పేరున్న స్వతంత్ర సర్వే సంస్థ చేసినది ఎప్పుడూ మేలు. బ్రెజిల్‌లో దాతాఫోల్యా సర్వేల్లో ఏళ్ల తరబడి ఫ్లమెంగో మొదట, కొరింథియన్స్ తర్వాత నిలుస్తూ వచ్చాయి. ఎప్పుడు చేసినా అదే వరుస వస్తోందంటే అది గట్టి ఆధారమే. అయితే 1000 మందిని ప్రశ్నించిన సర్వేలో అటూ ఇటూ 3 శాతం దాకా తేడా రావడం సహజం గనుక, మీ జట్టు ఒక్క శాతంతో ముందుందని ఎక్కడా బల్ల గుద్దకండి.

టీవీ లెక్కల్లో చూడవలసినది ఒక్కటే: ఒక్క నిమిషమైనా చూసినవారి మొత్తమా, మ్యాచ్ అంతటికీ సగటునా? 2018 ప్రపంచ కప్ ఫైనల్‌ను 110 కోట్లకు పైగా మంది చూశారని ఫిఫా ప్రకటించింది, అదే ప్రకటనలో ప్రత్యక్ష ప్రసారపు సగటు 51.7 కోట్లు. ఒకే మ్యాచ్‌కు ఒకే సంస్థ ఇచ్చిన రెండు అంకెల మధ్య రెట్టింపు తేడా ఉన్నప్పుడు, రెండు క్లబ్బుల అభిమానులు చెరొకటి పట్టుకుంటే వాదన ఎన్నటికీ తెగదు. ‘ఇన్ని కోట్ల ఇళ్లకు ప్రసారం అందుబాటులో ఉంది’ అనేది ఇంకో రకం అంకె. అది చూసినవారి లెక్కే కాదు, కాబట్టి మీరు వాడకండి, అవతలి వారిని వాడనివ్వకండి.

గూగుల్ ట్రెండ్స్ వాడే పద్ధతి

ఎవరైనా ఉచితంగా, అప్పటికప్పుడు చూసుకోగల ఆధారం గూగుల్ ట్రెండ్స్, అంటే ఏ పేరును జనం గూగుల్‌లో ఎంతగా వెతుకుతున్నారో గీతలుగా చూపించే పేజీ. దీన్ని తప్పుగా వాడి పరువు పోగొట్టుకునే వారే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెట్టెలో ‘బార్సిలోనా’ అని టైప్ చేయగానే కింద కొన్ని సూచనలు వస్తాయి. మొదట కనబడేది మామూలు వెతుకుడు పదం. దాన్ని ఎంచుకుంటే హోటల్ కోసం, విమానం కోసం, వాతావరణం కోసం ఆ నగరం పేరు వెతికినవారంతా మీ జట్టు ఖాతాలోకి వచ్చేస్తారు. లివర్‌పూల్, మిలాన్ వంటి నగరం పేరున్న జట్లన్నిటికీ ఇదే ఇబ్బంది. సూచనల్లో కిందికి వెళ్తే జట్టు పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో అది ఫుట్‌బాల్ క్లబ్ అన్న వివరం కనబడుతుంది. ఎంచుకోవలసింది దాన్ని. అది అన్ని భాషల్లో, అన్ని రకాల స్పెల్లింగులతో వెతికిన వాటిని కలిపి చూపిస్తుంది. రెండో జట్టుకూ అదే రకాన్ని ఎంచుకోవాలి. ఒకదానికి క్లబ్, ఇంకొకదానికి మామూలు పదం పెట్టి పోల్చిన చిత్రం ఎవరైనా చూపిస్తే, అక్కడితో వారి వాదన ముగిసినట్టే.

తర్వాత దేశం, కాలం ఎంచుకోండి. 2004 నుంచి సమాచారం దొరుకుతుంది. గీతల పక్కన కనబడే 0 నుంచి 100 వరకు అంకెలు వెతికినవారి సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో అత్యధిక ఆసక్తి ఉన్న సమయాన్ని 100గా పెట్టి, మిగతావన్నీ దానితో పోల్చి వేసిన అంకెలవి. ‘మా జట్టును 100 మంది వెతికితే మీ జట్టును 40 మంది’ అని ఎవరైనా చెబితే ఆ మాట స్థూలంగా నిష్పత్తిగా చెల్లవచ్చు గాని, ఎంతమంది అన్నది అందులో లేదు. గీత ఎక్కడ పైకి లేచిందో ఆ తేదీని తప్పకుండా చూడండి. ఘోరంగా ఓడిన రాత్రి, కోచ్‌ను తొలగించిన ఉదయం, పెద్ద ఆటగాణ్ణి అమ్మిన రోజు ప్రత్యర్థుల అభిమానులే ఎగబడి మీ జట్టును వెతుకుతారు. ఎత్తైన శిఖరాలను వదిలేసి, ఏమీ జరగని మామూలు వారాల్లో గీత ఎక్కడుందో చూపించడమే నిజాయతీ గల పద్ధతి, ప్రత్యర్థి కూడా కాదనలేనిది అదే.

ఓడిన రోజుల లెక్క

నా అభిప్రాయంలో అన్నిటికంటే బరువైన ఆధారం, జట్టు అట్టడుగున ఉన్నప్పుడు గేటు దాటి లోపలికి వచ్చిన జనం. గెలుస్తున్న జట్టు చుట్టూ ఎవరైనా చేరతారు. కింది డివిజన్‌లో, పేరు వినని జట్టుతో, డిసెంబర్ చలిలో జరిగే మ్యాచ్‌కు టికెట్ కొన్న మనిషిని గాలివాటు అభిమాని అనడానికి ఎవరికీ నోరు రాదు.

స్కాట్లాండ్‌లో రేంజర్స్ ఆర్థికంగా కుప్పకూలి 2012లో నాలుగో డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ ఆగస్టు 18న ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్ అనే చిన్న జట్టుతో తమ సొంత స్టేడియం ఐబ్రాక్స్‌లో జరిగిన లీగ్ మ్యాచ్‌కు 49,118 మంది వచ్చారు. ప్రత్యర్థి క్లబ్ సెల్టిక్ అభిమాని రేంజర్స్ గురించి ఎన్నయినా అనవచ్చు, ఆ క్లబ్ పాతదా కొత్తదా అన్న వాదన కూడా ఎత్తవచ్చు, కాని ఆ అంకె ముందు ఆదరణ లేదని అనలేరు. ఇంగ్లండ్‌లో సండర్లాండ్ మూడో డివిజన్‌లో ఉండగా 2018 డిసెంబర్ 26న బ్రాడ్‌ఫర్డ్ సిటీతో మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. వారి పొరుగు ప్రత్యర్థి న్యూకాజిల్ 2016-17లో రెండో డివిజన్‌లో ఆడుతూ సగటున 51 వేలకు పైగా ప్రేక్షకులను రప్పించుకుంది. ఆ రెండు ఊళ్ల అభిమానులు ఒకరినొకరు ఏమని వెక్కిరించుకున్నా, ఈ విషయంలో ఇద్దరూ తల ఎత్తుకునే వాదించవచ్చు. జర్మనీలో షాల్కే 2023-24లో రెండో డివిజన్‌లో, పట్టికలో కింది సగంలో కొట్టుమిట్టాడుతూ 60 వేలకు పైగా సగటు నిలుపుకుంది.

డబ్బొచ్చాకే అభిమానులు వచ్చారని తరచు మాట పడే మాంచెస్టర్ సిటీ వారికి కూడా ఇదే కవచం. 1998-99లో సిటీ మూడో డివిజన్‌లో ఆడింది, అప్పుడు సగటు ప్రేక్షకులు 28 వేలు. అబుదాబి యాజమాన్యం వచ్చింది 2008లో. ఇంకా వెనక్కి వెళ్లదలిస్తే, 1934లో స్టోక్ సిటీతో ఎఫ్.ఏ. కప్ మ్యాచ్‌కు పాత మెయిన్ రోడ్ మైదానానికి 84,569 మంది వచ్చారు. ఒక ఇంగ్లిష్ క్లబ్ సొంత మైదానంలో అంత జనం ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. ‘మీకు చరిత్ర లేదు’ అనే యునైటెడ్ అభిమానికి ఈ రెండు అంకెలు చాలు, మూడోది వద్దు. ఎక్కువ అంకెలు గుప్పిస్తే అందులో బలహీనమైనది పట్టుకుని అవతలి వారు అల్లుకుపోతారు.

ట్రోఫీల గురించి క్లుప్తంగానే చెబుతాను. ట్రోఫీలు ఆదరణకు ఒక కారణం గాని ఆదరణకు కొలత కావు. లివర్‌పూల్ 1990 నుంచి 2020 దాకా 30 ఏళ్ల పాటు లీగ్ గెలవలేదు, అయినా ఆ 30 ఏళ్లలో దాని అభిమానులు తగ్గారని దాని ప్రత్యర్థులు కూడా అనలేదు. ఆదాయం కూడా అంతే. రియల్ మాడ్రిడ్ 2023-24లో 100 కోట్ల యూరోల ఆదాయం దాటిన మొదటి క్లబ్ అయింది. అందులో ప్రసార హక్కులు, స్పాన్సర్లు, ఖరీదైన బాక్సులు అన్నీ కలిసి ఉంటాయి గనుక అభిమానుల తలలు లెక్కపెట్టడానికి అది పనికిరాదు. జెర్సీ అమ్మకాల అంకెలైతే నకిలీ జెర్సీలను లెక్కలోకి తీసుకోవు, బీద దేశాల్లోని అభిమానులు వేసుకునేది ఎక్కువగా అవే.

ఎదురయ్యే దెబ్బలు, వాటికి జవాబులు

‘మీ అభిమానుల్లో సగం మంది ఆ ఊరి ముఖం కూడా చూడలేదు’ అన్న మాట పెద్ద క్లబ్బు అభిమానులందరికీ తగిలేదే. దీనికి కోపం తెచ్చుకోవడం అనవసరం. నార్వే, స్వీడన్‌లలో 1969 నుంచి శనివారాల్లో ఇంగ్లిష్ లీగ్ మ్యాచ్‌లను టీవీలో ప్రత్యక్షంగా ప్రసారం చేసేవారు. ఆ రోజుల్లో తండ్రి పక్కన కూర్చుని చూసిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు, వారి మనవలు కూడా అదే క్లబ్ జెర్సీ వేసుకుంటున్నారు. మూడు తరాల అభిమానాన్ని గాలివాటు అనడం కుదరదు. దూరం మీద వాదించకుండా ఎన్నేళ్లుగా అన్నదాని మీద వాదించండి. అయితే వారానికో మ్యాచ్‌కు ప్రయాణం చేసి, వానలో నిలబడి, ఓటమి తర్వాత చివరి రైలు పట్టుకునే వారికీ మనకూ తేడా లేదని మాత్రం అనవద్దు. తేడా ఉంది, అది ఒప్పుకుంటే మిగతా వాదన గట్టిపడుతుంది.

ఒప్పుకోవడం గురించే ఇంకో మాట. ప్రత్యర్థి నిజంగా ముందున్న విషయాన్ని వారు చెప్పకముందే మీరు చెప్పేయండి. ఒక యునైటెడ్ అభిమాని, ఒక లివర్‌పూల్ అభిమాని మధ్య మాట ఇలా సాగిందనుకోండి.

“మా స్టేడియానికి ప్రతి వారం మీకంటే పదమూడు వేల మంది ఎక్కువొస్తారు, చూసుకో.”

“వస్తారు, కాదనను. మీది పెద్ద స్టేడియం. మా దాంట్లో ఇంకో పదమూడు వేల సీట్లు వేస్తే ఎన్నాళ్లకు నిండుతాయంటావు?”

“... మొదటి వారమే.”

“అయితే అది సీట్ల తేడా. మరి రెండింటికీ సమానంగా ఉండే లెక్క ఏదైనా చెప్పు, దాని మీద మాట్లాడుకుందాం.”

రెండో మనిషి ఇక్కడ ఒక్క కొత్త అంకె కూడా తేలేదు. ఒప్పుకోవలసింది ఒప్పుకుని, అవతలి వారి నోటితోనే జవాబు చెప్పించి, వాదనను ఇద్దరికీ సమానమైన కొలత వైపు తిప్పాడు. ఎగతాళి చేసి ఉంటే అది జరిగేది కాదు.

ఎగతాళికీ ఒక హద్దు ఉంది. యునైటెడ్ ఆటగాళ్లు సహా 23 మంది మరణించిన 1958 మ్యూనిక్ విమాన ప్రమాదాన్నీ, 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు తీసిన 1989 హిల్స్‌బరో దుర్ఘటననూ ఆదరణ వాదనలోకి లాగేవారు ఇప్పటికీ ఉన్నారు. స్టేడియంలో అలా అరిచిన వారికి ఇంగ్లండ్‌లో నిషేధాలు, కేసులు ఎదురవుతున్నాయి. మీ వైపు మనిషే ఆ పని చేస్తే, ప్రత్యర్థి కంటే ముందు మీరే అడ్డుపడాలి. లేకపోతే అప్పటిదాకా మీరు చెప్పిన లెక్కలన్నీ ఆ ఒక్క మాట కింద పడి నలిగిపోతాయి.

అవతలి వారు మాటిమాటికీ కొలబద్ద మారుస్తుంటే, అంటే స్టేడియం లెక్కలో ఓడి ఫాలోవర్లకు, అక్కడా ఓడి ట్రోఫీలకు దూకుతుంటే, వెంటపడకండి. మొదట్లో ఒప్పుకున్న ప్రశ్నను గుర్తుచేసి, దానికి జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి. రెండోసారి కూడా దాటవేస్తే వాదన ఆపేసి మ్యాచ్ గురించి మాట్లాడుకోవచ్చు.

చివరిగా, మీరు వాడే ప్రతి అంకె పక్కన అది ఏ సీజన్‌దో, ఎవరు ప్రకటించినదో రాసి పెట్టుకోండి. ఆన్‌ఫీల్డ్ సామర్థ్యం 54 వేలని ఇప్పటికీ చెప్పేవారున్నారు. మొనుమెంటల్ విస్తరణకు ముందరి లెక్కలూ, పదేళ్ల కిందటి ఫాలోవర్ల సంఖ్యలూ అలాగే చేతులు మారుతుంటాయి. సీజన్ మొదలయ్యే ముందు ఆగస్టులో ఒక సాయంత్రం కూర్చుని పాతవి కొట్టేసి కొత్తవి రాసుకుంటే, మే నెల దాకా మళ్లీ చూడనవసరం రాదు.